విలన్ ఎవరు.. హీరో ఎవరు? నిడదవోలు రాజు నుంచి పుష్పరాజ్ దాకా మారిన లెక్క

2015లో రానా దగ్గుబాటి మూడు నెలల తేడాతో రెండు రాజు వేషాల్లో కనిపించారు. జులై 10న వచ్చిన 'బాహుబలి'లో దేవసేనను పాతికేళ్లు గొలుసులతో కట్టేసిన భల్లాలదేవుడు. అక్టోబర్ 9న వచ్చిన 'రుద్రమదేవి'లో రుద్రమను పెళ్లాడే చాళుక్య వీరభద్రుడు. రెండు చోట్లా ఎదురుగా ఉన్నది అనుష్కే! ఈ వీరభద్రుడు కల్పిత పాత్ర కాదు. 13వ శతాబ్దంలో మన నిడదవోలును ఏలిన తూర్పు చాళుక్య వంశం వాడు, కాకతీయుల అల్లుడు.

అదే నటుడు, అదే రాజసం. మరి ఒకచోట ఈలలు, ఇంకోచోట కోపం ఎందుకు?

'బాహుబలి' యుద్ధం సీన్ గుర్తు చేసుకోండి. కాలకేయ నాయకుడిని చంపినవాడికే సింహాసనం అన్నారు. చివరి దెబ్బ వేసింది భల్లాలుడే. కానీ శత్రువులు అడ్డంగా నిలబెట్టిన బందీలను తొక్కుకుంటూ వెళ్లాడు. బాహుబలి వాళ్లను కాపాడాడు. శివగామి తీర్పు మారిపోయింది. ఇద్దరి టార్గెట్ ఒకటే, వెళ్లిన దారే వేరు. యాక్షన్ సినిమాల్లో విలన్‌ను విడదీసే పాత సూత్రం ఇదే. నిజానికి పందెం గెలిచి కూడా సింహాసనం పోగొట్టుకున్న భల్లాలుడి కడుపుమంటలో కొంచెం న్యాయం లేకపోలేదు!

చెడ్డవాడిని దగ్గరగా చూడటం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. ఎన్టీఆర్ 1961లోనే 'సీతారామ కళ్యాణం'లో రావణుడయ్యారు. 1977 'దాన వీర శూర కర్ణ'లో దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా పెట్టారు. ఇక 1975 'ముత్యాల ముగ్గు'లో రావు గోపాలరావు వేసిన కాంట్రాక్టర్ కేకలు వేయడు, చల్లగా మాట్లాడుతూనే కాపురంలో నిప్పు పెడతాడు. మాటలు రాసిన ముళ్లపూడి వెంకటరమణది ధవళేశ్వరం, తీసిన బాపుది నరసాపురం. ఆ వెటకారం ఎక్కడిదో గోదావరి జనానికి చెప్పక్కర్లేదు.

అయితే 2021లో 'పుష్ప' ఈ లెక్కనే తిరగేసింది. ఎర్రచందనం స్మగ్లర్ హీరో అయ్యాడు. ఎలా ఒప్పించారు? ముందు అతనికి ఇంటిపేరు లేకుండా చేశారు. ఆడపిల్లలను వేధించే జాలిరెడ్డిని పక్కన పెట్టారు. 'సార్' అనిపించుకోవాలనే పిచ్చి ఉన్న పోలీస్ ఆఫీసర్ షెకావత్‌ను ఎదురు నిలిపారు. ఇంతమంది మధ్య దుంగలు దొంగిలించడం చిన్న తప్పుగా కనిపిస్తుంది. 'రుద్రమదేవి'లో అల్లు అర్జున్ వేసిన గోన గన్నారెడ్డీ దోపిడీ చేసినవాడే. కాకపోతే అతని దోపిడీ రాజ్యం కోసం, పుష్పది తన కోసం.

2024 ఆగస్టులో బెంగళూరులో డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ ఈ మార్పునే ఎత్తి చూపారు. నలభై ఏళ్ల కిందట హీరో అడవిని కాపాడేవాడని, ఇప్పుడు అడవిలో స్మగ్లింగ్ చేస్తున్నాడని అన్నారు. అటవీ శాఖ ఆయనదే. సినిమాటోగ్రఫీ మంత్రి కందుల దుర్గేష్ నిడదవోలు ఎమ్మెల్యేనే!

కానీ తెరపై కనిపించని వాళ్లు ఇంకొందరున్నారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి చెట్లు నరకడానికి వచ్చిన కూలీలు వాళ్లు. సినిమాలో పుష్ప కూడా కూలీగానే మొదలవుతాడు, కాకపోతే వెంటనే పైకి వెళ్లిపోతాడు. కింద మిగిలిన వాళ్ల కథ అక్కడే ఆగిపోతుంది.

2024 డిసెంబర్ 5న వచ్చిన రెండో భాగం చివర్లో 'పుష్ప 3: ది ర్యాంపేజ్' అని టైటిల్ వేశారు.