పులుసు – పాత్ర

పులుపు లేని తెలుగు భోజనాన్ని ఊహించడం కష్టం. పప్పులో మామిడికాయో టమాటానో పడుతుంది. పులుసుకూ చారుకూ చింతపండు కావాలి. పచ్చడికి గోంగూర, చివరకు మజ్జిగ ఉండనే ఉన్నాయి. చింతపండుకు పులుపునిచ్చేది టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయకు సిట్రిక్ ఆమ్లం, పెరుగుకు లాక్టిక్ ఆమ్లం. అనేక లోహాలను ఎంతో కొంత కరిగించే గుణం ఆమ్లాలకు ఉంది. అందువల్ల తెలుగువారి వంటింట్లో ఏ పదార్థాన్ని ఏ పాత్రలో వండాలన్న ప్రశ్న నేరుగా ఆరోగ్యంతో ముడిపడి ఉంది.

రాగిచెంబును చింతపండుతో తోమితే తళతళ మెరుస్తుందని ప్రతి ఇంటిలోను తెలుసు. చెంబుపై పేరుకొన్న నల్లని పొరను చింతపండులోని ఆమ్లం కరిగించి తనలో కలుపుకొంటుంది. తోమిన గుజ్జును కడిగి పారబోస్తారు కనుక దానివల్ల హాని లేదు. ఇదే చర్య పొయ్యిమీద పులుసు మరుగుతుండగా జరిగితే కరిగిన రాగి అన్నంతోపాటు కడుపులోకి చేరుతుంది. మోతాదు మించినప్పుడు వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. ఇత్తడి అనేది రాగి, జింకుల మిశ్రమం కనుక దాని స్వభావమూ ఇదే. ఇత్తడి గిన్నెలో మజ్జిగ నిలవ ఉంచితే చిలుమెక్కుతుందని పెద్దలు హెచ్చరించడం ఊరకనే కాదు.

మరి గోదావరి డెల్టాలోని అజ్జరం, శ్రీకాకుళం జిల్లాలోని బుడితి వంటి గ్రామాలు ఇత్తడి పాత్రల తయారీకి పేరు పొందాయి కదా! ఆ పాత్రలలో తరతరాలుగా వంట ఎలా సాగింది? దీనికి సమాధానం కళాయి.

కళాయి అంటే పాత్ర లోపలివైపు వేసే తగరపు పూత. కళాయి వేసేవారు వీధిలో ఒకచోట చిన్న గుంట తవ్వి, బొగ్గులు పేర్చి, తోలుతిత్తితో నిప్పు రాజేసేవారు. పాత్రను ముందుగా శుభ్రంగా తోమి, నిప్పుపై పట్టకారుతో తిప్పుతూ బాగా కాల్చేవారు. కాగిన లోహంపై నవాసారం చల్లగానే ఘాటైన తెల్లని పొగ లేచేది. నవాసారం అనగా అమ్మోనియం క్లోరైడు. లోహంపై మిగిలిన ఆక్సైడును అది తొలగిస్తుంది. అలా తొలగించకపోతే తగరం అంటుకోదు. తరువాత తగరపు కడ్డీని పాత్రకు ఇట్టే తాకించి, కరిగిన చుక్కను గుడ్డపీలికతో చకచక నలువైపులా రుద్దేవారు. క్షణాలలో పసుపుపచ్చని ఇత్తడి లోపల వెండిలా తెల్లబడేది. ఆ దృశ్యం చూడడానికి పిల్లలు చుట్టూ మూగేవారు. ఆమ్లాలకు తగరం అంత సులభంగా లొంగదు. పైగా ఆహారంలో కలిసే స్వల్ప పరిమాణం రాగి అంతటి హాని చేయదు.

అయితే ఈ పూతకు రెండు బలహీనతలున్నాయి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరిగిపోతుంది. కనుక కళాయి పాత్రను ఖాళీగా పొయ్యిపై ఉంచరాదు. అందులో తిరగమోత పెట్టడమూ మంచిది కాదు. చారుకు ప్రసిద్ధమైన సత్తు గిన్నె మొత్తం తగరంతోనే చేసినది కాబట్టి దానిలో ముందు చారు పోసి, ఆ తరువాతనే మంట వెలిగించాలి. మరచిపోతే గిన్నెయే కరిగి కారిపోతుంది. ఇక రెండవ బలహీనత వ్యాపారంలో పుట్టినది. ఖరీదైన తగరంలో చౌకగా దొరికే సీసాన్ని కలిపే మోసం ఉంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం. చారు రుచి కోసం సత్తు గిన్నె కొనేవారు నమ్మకమైన చోట కొనడం, లోహశుద్ధిని గురించి అడగడం అవసరం. సత్తు అనే మాటను కొన్ని ప్రాంతాలలో అల్యూమినియానికి కూడా వాడతారు. అందువల్ల పేరును బట్టి కాక, లోహాన్ని బట్టి గుర్తుపట్టాలి.

కళాయి వృత్తిని వెనుకకు నెట్టినది స్టెయిన్‌లెస్ స్టీలు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హారీ బ్రెయర్లీ దీనిని రూపొందించాడు. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం చేరితే పైన కంటికి కనిపించని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే తిరిగి ఏర్పడుతుంది. కళాయిలాగా మళ్లీ మళ్లీ వేయించుకొనే పని లేదు. పులుపు వంటకాలకు నేడు ఇదే నిశ్చింత. లోపమల్లా ఉష్ణవాహకత. రాగి దీనికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది. పలుచని స్టీలు గిన్నెలో మంట తగిలిన చోట మాత్రమే వేడెక్కి అడుగంటుతుంది. కొనేటప్పుడు మెరుపు చూడడం కంటే అడుగు మందం చూడడం మేలు. ఉప్పును చల్లని నీటిలో వేసి అడుగున కదలకుండా వదిలితే స్టీలుపై సన్నని గుంటలు పడతాయి; నీరు మరిగాక వేసి కలిపితే ఆ బెడద ఉండదు.

కొన్ని చోట్ల సిల్వర్ గిన్నెలని పిలిచే అల్యూమినియం పాత్రలకు వెండితో ఏ సంబంధమూ లేదు. అవి తేలికైనవి, చౌకైనవి, త్వరగా వేడెక్కేవి. అన్నానికి, పాలకు పనికివస్తాయి. పులుపు మాత్రం వాటికి శత్రువు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు పచ్చళ్లు, సాంబారు వంటి పుల్లని పదార్థాలను అల్యూమినియం, ఇనుప పాత్రలలోను, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలోను నిలవ ఉంచరాదని స్పష్టం చేశాయి.

ఈ జాబితాలో ఇనుము ఉన్నప్పటికీ దాని కథ వేరు. ఇనుప మూకుడులో వండిన కూరలోకి కొంత ఇనుము చేరుతుంది, ఆ చేరినది శరీరానికి కావలసినదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇటువంటి దేశంలో ఇనుప మూకుడును అటకెక్కించడం తెలివైన పని కాదు. వండిన వెంటనే కూరను వేరే గిన్నెలోకి తీసి, మూకుడును కడిగి, తడి లేకుండా తుడిచి, పలుచగా నూనె రాస్తే తుప్పు పట్టదు. నూనె పొర కాగి కాగి నల్లగా గట్టిపడిన మూకుడుకు వేపుడు అంటుకోదు. దుకాణాలలో అమ్మే నాన్‌స్టిక్ పెనానికి ఇదే గుణం టెఫ్లాన్ పూతవల్ల వస్తుంది. కాని 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడిపోవడం మొదలవుతుంది. అందుచేత దానిని ఖాళీగా పెద్ద మంటపై ఉంచకూడదు. ఇనుప అట్లకాడతో గీకకూడదు.

లోహాల ఈ చిక్కులేవీ లేని పాత్రలు రెండున్నాయి. ఒకటి మట్టిదాక. కొత్త దాకను రాత్రంతా నీటిలో నానబెట్టి, గంజి కాచి వాడుకలోకి తెస్తారు. వేడి దాకలో చన్నీళ్లు పోస్తే పగులుతుంది. రెండవది మెత్తని బలపపురాతితో తొలిచిన రాచ్చిప్ప. దీనిని కొన్ని రోజులు గంజినీటితో నింపి ఉంచి, నూనె, పసుపు పట్టించి, సన్నని సెగపై క్రమంగా అలవాటు చేయాలి. తొందరపడి పెద్ద మంట పెడితే నిలువునా చీలుతుంది. వేడెక్కడానికి ఎంత ఆలస్యమో, చల్లబడడానికీ అంతే ఆలస్యం. పొయ్యి మీదినుంచి దించిన తరువాత కూడా రాచ్చిప్పలో పులుసు కొంతసేపు కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. అందుకే ముక్క పూర్తిగా ఉడకక ముందే, ఒక పలుకు మిగిలి ఉండగానే దానిని దించుతారు.