సిమెంటు బట్టీయు విద్యాపీఠమును

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను లోకోక్తి మనవారి నోట నిత్యము వినబడుచుండును. గృహనిర్మాణమునందలి వ్యయప్రయాసలను మన పెద్దలు చక్కగ నెఱుగుదురు. కాని దానివలన వాయుమండలమునకు గలుగు భారమును లెక్కించు నవసరము వారికి లేకుండెను. మనకు నేడా యవసరము తప్పనిదైనది. మానవకృత్యములచే లోకమున వెలువడు బొగ్గుపులుసుగాలిలో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటు పరిశ్రమనుండియే వచ్చుచున్నవి. సిమెంటు చేయు దేశములలో చీనా తరువాతి స్థానము మనదే. కావున నీ విషయము పరదేశములవారి చర్చయని మనము చేతులు ముడుచుకొని కూర్చుండ వీలులేదు.

ఈ వాయువు బొగ్గు కాల్చుటవలన మాత్రమే పుట్టుచున్నదని పలువురు తలంచుచున్నారు. నిజమున కందు సగమునకు మించిన భాగము సున్నపురాతి గర్భమునుండియే వచ్చును. బట్టీలో 1450 డిగ్రీల వేడిమిచే సిమెంటునకు మూలమగు క్లింకరు తయారగును. అందు బడిన స్వచ్ఛమైన సున్నపురాయి 100 టన్నులలో 44 టన్నులు వాయురూపమున నెగిరిపోవును. బొగ్గునకు బదులు సూర్యరశ్మితో బట్టీని వేడిచేసినను ఈ 44 టన్నులు తప్పవు. క్లింకరు వాడుకను తగ్గించుట యొక్కటే దీనికి ముఖ్యమైన యుపాయము.

బొగ్గు విద్యుత్కేంద్రముల బూడిదను, ఉక్కు కొలుముల చిట్టెమును క్లింకరుతో గలిపి చేయు సిమెంటులు మనదేశమున చిరకాలముగ వాడుకలో నున్నవి. కాని బూడిద కలిపిన సిమెంటునందు నూటికి 35 పాళ్లకు మించి బూడిద కూడదని ప్రమాణము శాసించుచున్నది. చిట్టెమా, దేశపు టవసరమునకు చాలినంత దొరకదు. బొగ్గు వాడుక తగ్గినకొలది బూడిదయు తగ్గిపోవును. ఇక నెక్కడ జూచినను దొరకు పదార్థ మేది? మన్ను!

కాల్చిన మన్నునకు సున్నముతో గూడి బిగిసికొను గుణము కలదని మన తాపీపనివా రేనాడో యెఱుగుదురు. ఇటుకపొడిని సున్నముతో నూఱిన సుర్ఖీగచ్చు మన ప్రాచీననిర్మాణముల కాయువుపట్టు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి కీర్తికి స్తంభమై, 1911లో ప్రారంభమైన కృష్ణరాజసాగరము కట్టయు సుర్ఖీగచ్చుతో గట్టబడినదే. తరువాత సిమెంటు సులభమగుటచే నీ విద్య మూలబడెను.

దానిని క్రొత్తరూపమున మేల్కొలిపినది విద్యాపీఠముల పొత్తు. స్విట్జర్లాండునందలి లోజాన్ సాంకేతిక విద్యాపీఠమున కేరన్ స్క్రివెనరు అను విదుషీమణియు, క్యూబాదేశపు లాస్ వియాస్ కేంద్ర విశ్వవిద్యాలయమున ఫెర్నాండో మార్తిరేనా అను పండితుడును కలసి, కాల్చిన బంకమన్నుతో కాల్చని సున్నపురాతిపొడిని జతచేసి చూచిరి. మన్నులోని అల్యూమినా సున్నపురాతితో గలిసి క్రొత్త స్ఫటికములను కల్పించి సూక్ష్మరంధ్రములను పూడ్చుచున్నదని తేలెను. క్లింకరు 50 పాళ్లు, కాల్చిన మన్ను 30, సున్నపురాయి 15, జిప్సము 5. ఇదియే ఎల్.సి.3 అని ప్రసిద్ధమైన సిమెంటు. మన్నును 700 మొదలు 850 డిగ్రీలవఱకు కాల్చిన చాలును. అది విడుచునది నీటియావిరి మాత్రమే. కావున సాధారణ సిమెంటుకంటె నిది విడుచు బొగ్గుపులుసుగాలి నూటికి 30 మొదలు 40 పాళ్లు తక్కువ.

2013లో క్యూబాలోని సిగ్వనేయ్ కర్మాగారమున దీనిని మొదటిసారి పరిశ్రమస్థాయిని తయారుచేసి చూచిరి. ఆ సంవత్సరముననే స్విస్ ప్రభుత్వపు సహాయముతో ఢిల్లీ, మద్రాసు, బొంబాయి ఐ.ఐ.టి.లు ఈ పొత్తునందు జేరినవి. ఢిల్లీలో శశాంక్ బిష్ణోయిగారును, మద్రాసులో మను సంతానంగారును వారి సహచరులును మనదేశపు మన్నులతో దీని బలమును, మన్నికను పరీక్షించిరి. తార యను సంస్థ ఝాన్సీలో నీ సిమెంటుతో నమూనాగృహమును గట్టి చూపెను. తుదకు 2023లో భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్. 18189 అను ప్రమాణమును ప్రకటించెను. ప్రమాణము లేని సిమెంటును ఏ ఇంజనీరు వాడును? ఏ ప్రభుత్వశాఖ కొనును? ప్రయోగశాలనుండి ప్రమాణపత్రమునకు పట్టిన యీ పదేండ్లు వ్యర్థము కావు. విద్య వ్యవహారమునకు దిగుటకు పట్టిన కాలమది.

అయితే గొలుసునం దింకొక కొక్కెము మిగిలియున్నది. అది తాపీమేస్త్రి. ఈ సిమెంటు సముద్రపుటుప్పును చక్కగ నెదిరించును. మన తీరమునందలి వంతెనలకు, రేవులకు నిది గొప్ప మేలు. కాని మొదటి ఒకటి రెండు దినములలో బలము కొంత మెల్లగ వచ్చును. మంచి మన్నుతో జేసినది ఏడు దినములకు సాధారణ సిమెంటుతో సమానమగును. కలిపినపుడు చిక్కగ నుండును గావున, అలవాటుచొప్పున మేస్త్రి నీరెక్కువ పోసెనా, శాస్త్రజ్ఞుల శ్రమ యంతయు నీటిపాలగును. నీటికి బదులు వాడవలసిన రసాయనద్రవ్యమును, తడి యారనీయని కాలమును నేర్పువా రెవరు? పొత్తు విద్యాపీఠములతో కర్మాగారముతో నాగిపోయినచో లాభము యజమానులది, నింద మేస్త్రిది యగును.

పర్యావరణమునకు మేలుచేయు కొలువులని నేడు విరివిగ మాటాడుచున్నారు. సిమెంటు కర్మాగారము యంత్రప్రధానము. అందు వేల కొలువులు పుట్టునని ఆశపెట్టుట మంచిది కాదు. కొలువులు పుట్టునది మన్ను పరీక్షించు ప్రయోగశాలలయందు, చిన్న దిమ్మెల తయారీయందు, కట్టుబడిని తనిఖీచేయు పనియందు. ఇందులకు మన కన్నులయెదుటనే నిదర్శనము కలదు. విశాఖపట్టణమున భానుమతీదాసు, కాళిదాసుగారలు బూడిద, సున్నము, జిప్సములతో ఆవము లేకయే ఇటుకలు చేయు ఫాల్-జి పద్ధతిని రూపొందించిరి. బూడిద వాడకమును నిర్బంధము చేయుచు 1999లో కేంద్రప్రభుత్వము ప్రకటన చేసెను. ఊరూర బూడిదయిటుకల చిన్నపరిశ్రమలు వెలసినవి. శాస్త్రము, శాసనము, చిన్న పెట్టుబడి మూడును గూడినచోట పల్లెవానికి పని దొరకునని యిది తెలుపుచున్నది.

తెలుగుదేశమున సున్నపురాతికి కొదువలేదు. పల్నాడు, కడప, నంద్యాల, సూర్యాపేట, తాండూరు ప్రాంతములు సిమెంటునకు పేరుగన్నవి. ద్వారకాతిరుమల పరిసరముల కయొలిను జాతి మన్ను కలదు. మేలురకపు గనులలో పింగాణికి పనికిరాదని పారవేయు మన్నును సయితము ఈ సిమెంటునకు వాడవచ్చును. 1926లో స్థాపితమై నేడు విశాఖలో నున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, వరంగల్లున 1959లో పుట్టిన సాంకేతిక విద్యాలయము, హైదరాబాదు, తిరుపతి ఐ.ఐ.టి.లు మన కున్నవి. రాయియు మన్నును మనవై, విద్యయు మనదై, పని మాత్రము మన యువకులది గాకపోవుట యెంత శోచనీయము!

భూస్వాములగు పాఠకుల కొక్క హెచ్చరిక. ప్రతి బంకమన్నును ఇందులకు పనికిరాదు. కయొలిను పాలు నూటికి సుమారు 40 యైన నుండవలెను. మన రేగడిమన్ను వేఱు జాతిది. కావున నెవ్వడో దళారి వచ్చి సిమెంటునకు మన్ను కావలెనన్నంతనే పైరుపండు పొలమును త్రవ్వనీయకుడు. పరీక్ష చేయింపక కౌలుపత్రముపై సంతకము చేయకుడు. త్రవ్విన గోతిని పూడ్చు బాధ్యత యెవరిదో పత్రమున వ్రాయించుకొనుడు.

ఇక ప్రభుత్వములు, కర్మాగారములు, విద్యాపీఠములు చేయవలసినది మూడు మాటలలో జెప్పవచ్చును. ప్రతి సిమెంటు జిల్లాయందును విద్యాపీఠము పర్యవేక్షించు మన్నుపరీక్షాశాల యొకటి వెలయవలెను. పాలిటెక్నిక్కులయందును ఐ.టి.ఐ.లయందును మేస్త్రీలకు తెలుగున బోధించి యోగ్యతాపత్రము లీయవలెను. పాఠశాలలు, వైద్యశాలలు మున్నగు ప్రభుత్వభవనములలో కొన్నింటినైన నీ సిమెంటుతో గట్టించి, వాటి మన్నికను ఏటేట ప్రజలకు వెల్లడింపవలెను. ఇందులకు కావలసిన ధనమును కర్మాగారములు తమ లాభమునుండి కొంత యిచ్చుట న్యాయము. మేస్త్రిచేతి తాపీకి ప్రయోగశాలలోని త్రాసుతో చుట్టరికము కలిపిననాడే యీ విద్య ఫలించును. ఆ చుట్టరికమును గలుపుటకు మన విద్యాపీఠములు ముందడుగు వేయునుగాక యని మేము కోరుచున్నాము.