మొక్కుతో పాటు ఓ మండలం ఆట

ఒంట్లో బాగాలేనివారు యాదగిరిగుట్టకు వచ్చి మండలం పాటు, అంటే నలభై రోజులు ప్రదక్షిణలు చేయడం ఎప్పట్నుంచో ఉన్న ఆచారం. ఇక్కడి లక్ష్మీనరసింహస్వామిని భక్తులు వైద్య నరసింహుడని పిలుచుకుంటారు. పెద్దల రోగాల కోసమే కాదు... ఏడాదిన్నర దాటినా అడుగు వేయని పాప కోసం, పలక మీద సున్నా చుట్టలేని బాబు కోసం, క్షణం కుదురుగా ఉండని బుడతడి కోసం కూడా మొక్కుకుంటారు. ఆ నమ్మకం వారిది. దాన్ని కాదనాల్సిన పనిలేదు. కాకపోతే ఆ మొక్కులో ఉన్న మంచి గుణం ఒకదాన్ని ఇంటికీ తెచ్చుకోవాలి. రోజూ, మానకుండా, విసుక్కోకుండా చేయడం! పిల్లల థెరపీకి కావలసిందీ సరిగ్గా అదే.

లెక్క వేసి చూడండి. వారానికి 168 గంటలు. థెరపిస్టు దగ్గర రెండు గంటలు గడిపినా మిగతా 166 గంటలూ బిడ్డ మన దగ్గరే ఉంటుంది. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు చేసే చికిత్సల మీద వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టింది. ఏది పనిచేస్తుందో, ఏది చేయదో ట్రాఫిక్ లైట్లలా రంగులు వేసి చెప్పింది. ఆకుపచ్చ రంగు దక్కినవాటిలో థెరపిస్టు నేర్పితే ఇంట్లో చేయించే సాధన ఒకటి. బిడ్డకు ఏ పని రావాలో ఆ పనినే లక్ష్యంగా పెట్టుకుని చేయించడం మరొకటి. అన్నం కలుపుకోవడం రావాలంటే వేళ్లు అన్నంలో పెట్టాల్సిందే. పక్కన కూర్చుని చేతులు పట్టి ఆడిస్తే వచ్చే విద్య కాదది.

అమ్మమ్మ పెట్టెలో ఉంది థెరపీ

ఖరీదైన బొమ్మలు కొనాలేమోనని కంగారు పడకండి. వామనగుంటల పీట ఉందా? పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతగింజలు. రెండు వేళ్లతో గింజను పట్టుకోవడం, ఒక్కో గుంటలో ఒక్కోటి వదలడం, కన్ను చేతి వెంట నడవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం... ఇన్ని పనులు ఒక్క ఆటలోనే. రేపు పెన్సిల్ పట్టేది ఆ వేళ్లే మరి. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజలు ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు చపాతీ పిండి ముద్ద ఇవ్వండి.

గచ్చకాయను ఎగరేసి పట్టుకోవడం కంటికి, చేతికి కలిపి కసరత్తు. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద నిలవాలి, బిళ్లను గురిచూసి వేయాలి. బతుకమ్మ పేర్చేటప్పుడు పిల్లల్ని దూరం తోసేయకండి. గునుగు కాడలు ఒకే పొడవున సర్దడం, తంగేడు పూలను వరుస తప్పకుండా పెట్టడం ఎంత గొప్ప పనో! గుట్ట మెట్లూ అంతే. ఎత్తుకుని ఎక్కేస్తే తొందరగా అయిపోతుంది. నాలుగు మెట్లు చేయిపట్టి ఎక్కిస్తే కాళ్లకు పని, మనసుకు సంబరం.

ఒక చేయి బలహీనంగా ఉన్న బిడ్డకు రెండు చేతులూ కావలసిన పనులు వెతకండి. డబ్బా మూత తిప్పడం, బఠాణీ ఒలవడం లాంటివి. విసుగు పుట్టకముందే ఆపేయడం ముఖ్యం. ఇవాళ రెండు నిమిషాలు కూర్చున్నాడా? చాలు. టీవీ ఆపి, ముందు ఒక్క ఆటే పెట్టండి. రెండు నిమిషాలు మూడవుతాయి. ఫోన్ చేతికిచ్చి గంట కూర్చోబెడితే అది ఏకాగ్రత అనుకోవద్దు. ఏడాదిలోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి గంటకు మించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఆట ఒక్కటే సరిపోనప్పుడు

'వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు' అనే మాట మన ఇళ్లలో ఎందరు పిల్లల విలువైన కాలాన్ని తినేసిందో! తొమ్మిది నెలలకూ ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకూ నడవకపోయినా వైద్యుడికి చూపించాలి. ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒక చేతినే వాడుతుంటే చేతివాటమని మురిసిపోవద్దు. రెండో చేతిలో బలం లేదేమో చూడాలి.

కళ్ల విషయంలో ఆలస్యం మరీ చేటు. మెల్లకన్ను అదృష్టమనే మాట ఎవరు పుట్టించారో కానీ, పసివాళ్లకు అదే దురదృష్టం. ఒక కన్ను పక్కకు తిరిగి ఉంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ కన్ను బద్ధకిస్తుంది. అందుకే మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి, బద్ధకపు కంటితో పూసలు గుచ్చడం, బొమ్మలకు రంగులు వేయడం లాంటి ఆటలు ఆడిస్తారు. ఏడెనిమిదేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఆ తర్వాత కష్టం పెరుగుతూ పోతుంది.

అల్లరి చేసే ప్రతివాడికీ ఏడీహెచ్‌డీ ముద్ర వేయొద్దు. ఆ లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ, కనీసం ఆర్నెల్ల పాటు కనిపించాలి. అంతకంటే ముందు చెవులు, కళ్లు, నిద్ర సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. బోర్డు కనబడని పిల్లాడు పాఠం మీద ధ్యాస ఎలా పెడతాడు?

ఇక కళ్లకు గంతలు కట్టి చదివిస్తాం, మెదడును మేల్కొలుపుతాం అనే కోర్సులు. వేలకు వేలు పోయడమే తప్ప వాటికి శాస్త్రాధారం లేదు. గంతల కింద ముక్కు పక్క సందులోంచి చూడటానికి అంత డబ్బు దేనికి?

ఉచితంగా చూసేవారు ఉండనే ఉన్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. మీ ఊరికి ఎప్పుడొస్తారో అంగన్‌వాడీ టీచరును అడిగి పెట్టుకోండి. గుట్ట నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఎదుగుదల, నేర్చుకోవడంలో వెనుకబడిన పిల్లల కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ పనిచేస్తోంది. పాత పేరు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. కంటి సమస్యలకు 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉండనే ఉంది.

వెళ్లేముందు ఓ చిన్న పని చేయండి. బిడ్డ ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు, మెట్లెక్కుతున్నప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. కొత్తచోట, కొత్త మనుషుల ముందు పిల్లలు బిగుసుకుపోతారు. వాళ్లు అక్కడ చేసి చూపించనిదంతా వైద్యుడు ఆ వీడియోలో చూస్తాడు.