ఆటకు ముందే వెలువడు తీర్పు

పెద్ద పోటీకి ముందునాడు పత్రికలలో వెలువడు జోస్యములను మన విద్యార్థులు మిక్కిలి ఆసక్తితో చదువుచుందురు. ఏ జట్టు గెలుచును, ఎన్ని గోలుల తేడాతో గెలుచును, ఏ ఆటగాని వలన గెలుచును అను సంగతులన్నియు ఆట ఆరంభము కాకమునుపే అందు వ్రాయబడి యుండును. ఇప్పుడు ఇట్టి జోస్యములు చేతిలోని ఫోనులందు సైతము గడియగడియకు వచ్చుచున్నవి. వీనిని ఎంతవరకు నమ్మవచ్చును, ఎచ్చట జాగ్రత్తపడవలెను అను విషయమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఇట్లు తలచుటకు ఒక కారణము కలదు. పాఠశాలల ఫుట్‌బాల్ పోటీలలో మన మట్టెవాడ బాలురు కడపటి ఆటకు చేరిన దినములలో, ఎదుటి జట్టునకు విజయము నల్లేరుపై బండి నడక యని ఒక పత్రికలో వ్రాసిరి. మన జట్టు ప్రస్తావన అందు ఒక్కమారు మాత్రమే, అదియు ఓడిపోవు జట్టుగా కనబడెను. ఒక బాలుడు ఆ ముక్కను కత్తిరించి తెచ్చి మాకు చూపి, "సార్, మేము ఓడిపోతమని పేపర్లనే వేసిన్రు. ఇగ పోయి ఏం చెయ్యాలె సార్?" అని అడిగెను. మేము అప్పుడు తగిన సమాధానము తోచక, "పొమ్ము, ధైర్యముగా ఆడుము" అని మాత్రము చెప్పి పంపితిమి. ఆనాడు చెప్పలేకపోయిన దానిని ఇప్పుడు చెప్పుచున్నాము.

జోస్యము చెప్పువారు సాధారణముగా మూడు సంగతులపై ఆధారపడుదురు. మొదటిది, గడచిన ఆటల ఫలితములు. ఇది న్యాయమైన ఆధారమే; కాని వానిలో దేనిని ఎన్నుకొందురు, దేనిని విడుతురు అనుదానిపై జోస్యము మారుచుండును. రెండవది, సామీప్యము. పత్రికలో వ్రాయువాడు అసత్యమాడవలెనని వ్రాయడు. తన యూరి జట్టును ప్రతిదినము చూచును, దాని ఆటగాండ్రను పేరుపేరున ఎరుగును. దూరపు జట్టును ఎన్నడో ఒకనాడు చూచును. కావున ఎరిగినది గొప్పగాను, ఎరుగనిది కొద్దిగాను తోచును. పక్షపాతము అనేకమారులు ఇట్లే, వ్రాయువానికి తెలియకుండగనే పుట్టును. మూడవది, కథమీది ప్రీతి. ఏనుగును చీమ గెలుచునా యను కథ పాఠకులకు మిక్కిలి ఇష్టము. అందుచేత బలము లేదని తలచిన జట్టును ఒకనాడు తీసివేసినట్లు వ్రాసి, మరునాడు అద్భుతము చేయగలదని పొగడుదురు. ఈ రెండింటిలోను ఆ జట్టు వాస్తవముగా ఎట్లు ఆడుననునది కానరాదు.

ఇందుకు ప్రపంచమంతట ప్రసిద్ధి చెందిన ఉదాహరణ మొకటి కలదు. 1950వ సంవత్సరమున బ్రెజిలు దేశమున ప్రపంచకప్పు పోటీలు జరిగెను. ఆ యేట కడపట నాలుగు జట్లు ఒకదానితో నొకటి ఆడి, హెచ్చు పాయింట్లు పొందిన జట్టు కప్పు గొనవలెనని నిబంధన. బ్రెజిలు స్వీడనును 7-1 గోలులతోను, స్పెయినును 6-1 గోలులతోను ఓడించెను. ఉరుగ్వే స్పెయినుతో 2-2గా సమానమై, స్వీడనును 3-2తో కష్టముమీద గెలిచెను. జూలై 16న రియో డి జనీరో నగరమందలి మరకానా మైదానమున ఈ రెండు జట్లకును చివరి ఆట. అది సమానముగా ముగిసినను కప్పు బ్రెజిలుదే. ఆట జరుగక మునుపే 'ఓ ముండో' అను పత్రిక బ్రెజిలు ఆటగాండ్ర ఛాయాచిత్రమును వేసి, వీరే ప్రపంచ విజేతలని వ్రాసెను. ఉరుగ్వే నాయకుడగు ఒబ్డూలియో వరేలా ఆ పత్రిక ప్రతులను కొని తెచ్చి తన తోడివారికి చూపెనని చెప్పుదురు. ఆటలో మొదటి గోలు బ్రెజిలుదే యైనను, తరువాత ష్యాఫినో, గిగ్గియా చెరియొక గోలు చేయగా ఉరుగ్వే 2-1తో గెలిచెను.

ఇది కేవలము అద్భుతమని తలపరాదు. ఆ సంవత్సరమే మే నెలలో ఈ రెండు జట్లు మూడు ఆటలాడెను. వానిలో ఒకటి ఉరుగ్వే 4-3తో గెలిచెను; మిగిలిన రెండింటిలో బ్రెజిలు ఒక్కొక్క గోలు తేడాతో మాత్రమే గెలిచెను. అంతేకాక, ఉరుగ్వే 1930లో ప్రపంచకప్పు గెలిచిన దేశము. ఈ అంకెలు ఎవరును దాచినవి కావు. ఏడు గోలులు, ఆరు గోలులు కన్నుల యెదుట మెరయుచుండగా ఇవి కానరాకపోయెను.

అంత దూరము పోవనేల? మన హైదరాబాదున సయ్యద్ అబ్దుల్ రహీం అను పాఠశాల ఉపాధ్యాయు డుండెను. వ్యాయామ విద్యయందును శిక్షణ పొందిన ఈయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఫుట్‌బాలనగా కలకత్తాయే యని పలువురు తలచిన ఆ కాలమున, ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. రహీంగారు దేశపు జట్టునకును శిక్షకుడై, 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో దానిని నాలుగవ స్థానమునకు తెచ్చెను.

1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలకు ఆయన మన జట్టును తీసికొనిపోయెను. సికింద్రాబాదు ప్రాంతపు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు ఆటగాడగు యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోనివారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. తరువాత మనవారు థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను, దక్షిణ వియత్నామును 3-2తోను గెలిచి అంతిమ పోటీకి చేరిరి. అచ్చట మరల దక్షిణ కొరియాయే ఎదురయ్యెను. అది 1956లోను, 1960లోను ఆసియాకప్పు గెలిచిన జట్టు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన మన బ్యాకు జర్నైల్ సింగు తన స్థానమున ఆడగల స్థితిలో లేడు. ఇజ్రాయెలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయనందున భారతీయ ప్రతినిధియగు జి.డి. సోంధీ అభ్యంతరము చెప్పగా ఆ నగర ప్రజలు మనపై కోపించి, పోటీకి ముందునాడు మన రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. ఇవన్నియు కూడిన పిదప జోస్యము చెప్పుమన్న, ఎవడైనను కొరియా పేరే చెప్పియుండును. అట్లు చెప్పినవానిని అవివేకి యనరాదు.

అయినను సెప్టెంబరు 4న మనవారు 2-1తో గెలిచి స్వర్ణపతకము పొందిరి. మొదటి గోలు పి.కె. బెనర్జీ చేసెను. రెండవ గోలు చేసినవాడు ఆ జర్నైల్ సింగే. బ్యాకుగా ఆడలేని వానిని రహీంగారు సెంటరు ఫార్వర్డుగా నిలిపెను. జర్నైల్ సింగు పూర్వము ఆ స్థానమున ఆడినవాడని ఆయనకు తెలియును. బయటివారు ఒక గాయపడిన బ్యాకును చూచిరి. ఉపాధ్యాయుడు తన విద్యార్థిలోని మరియొక శక్తిని చూచెను. మొదటి ఆటలోని ఓటమియు అట్టిదే. దూరమునుండి చూచువారికి అది రాబోవు ఆటకు తీర్పు. రహీంగారికి అది ఎదుటి జట్టును కన్నులార చూచి నేర్చుకొనిన పాఠము. ఆయన తరువాతి సంవత్సరమే, 1963 జూన్ 11న, క్యాన్సరు వ్యాధితో మరణించెను. ఆయన చరితమును 2024లో 'మైదాన్' అను హిందీ చలనచిత్రముగా తీసిరి.

ఇది చదివి, పత్రికలు ఓడునన్న జట్టే గెలుచునని ఎవరును అనుకొనరాదు. బలమైన జట్టే తరచుగా గెలుచును. కాని జోస్యము ఫలించిన ఆటలను మనము మరతుము. తప్పిన ఆటలనే తరతరములు చెప్పుకొందుము. కావున జోస్యమును చదువునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: వ్రాసినవారు ఎచ్చట కూర్చుండి వ్రాసిరి? దేనిని చూచి వ్రాసిరి? దేనిని చూడక విడిచిరి? వీనికి సమాధానము దొరికినచో ఆ జోస్యమునకు ఎంత విలువ ఈయవలెనో తెలియును.

మన బాలుర ఆట యేమయ్యెనని అడుగుదురేమో. వారు 2-1తో ఓడిరి. పత్రిక చెప్పినట్లే జరిగెను. అయితే మైదానము ప్రక్కన నిలిచి చూచిన మేము ఒక సంగతి గమనించితిమి. మొదటి అర్ధభాగమున వారు ఓడిపోయినవారివలెనే ఆడి రెండు గోలులు ఇచ్చిరి. విరామమున ఒకరినొకరు గద్దించుకొని వచ్చి, రెండవ భాగమున ఒక గోలు చేసి, మరియొక గోలునకు రెండుమారులు చేరువైరి. మొదటినుండి అట్లు ఆడిన గెలిచియుందురని మేము చెప్పజాలము. సగము ఆట మాత్రము ఆ కాగితపు ముక్కకు అప్పగించిరని చెప్పగలము.

తలిదండ్రులకును, మా తోడి ఉపాధ్యాయులకును ఒక మాట. జోస్యములు పత్రికలే చెప్పుననుకొనరాదు. పరీక్షలకు ముందు "వీడు గట్టెక్కడు" అను మాట ఇండ్లలోను బడిలోను ఎన్నిమారులు వినబడుచున్నది! చాల కాలము క్రిందట మేమును ఒక విద్యార్థినిగూర్చి, వాడు వినుచుండగనే, అట్లు పలికితిమి. అర్ధసంవత్సరపు మార్కులు చూచియే పలికితిమి. అంకెలలో తప్పు లేదు. వాడు మరుసటి వారమునుండి బడికి రాలేదు, పరీక్ష ఫీజు కట్టలేదు. మేము రెండుమారులు ఇంటికి పోయి పిలిచినను తిరిగి రాలేదు. వాడు పరీక్ష వ్రాసిన తప్పియుండునో, గెలిచియుండునో నేటికిని ఎవరికిని తెలియదు. ఓటమి రాకమునుపే మా మాట వానిని ఓడించెను.

నాటినుండి మేము మార్కులను చూచి, ఏ పాఠము మరల చెప్పవలెనో వ్రాసికొనుచున్నామే గాని, ఎవడు తప్పునో చెప్పుట మానితిమి. కత్తిరించిన ముక్కను తెచ్చిన బాలుడు వచ్చే సంవత్సరమును ఆడును. వానికి మా సమాధానమిది: ఎదుటి జట్టు బలమునుగూర్చి పత్రిక చెప్పినదానిని శ్రద్ధగా చదువుము, అందు నీకు పనికివచ్చునది ఉండవచ్చును. ఫలితమునుగూర్చి చెప్పినదానిని మాత్రము ఆట ముగిసిన పిదప చదువుము.