ఇంటి పెద్ద చనిపోతే ఆస్తి ఎవరికి?

బోయిన్‌పల్లి పింఛనుదారులకు, వారి కుటుంబాలకు

మొదటి పని: మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించండి. మరణం జరిగిన చోటు కంటోన్మెంట్‌లో ఉంటే కంటోన్మెంట్ బోర్డులో, లేకుంటే మున్సిపల్ ఆఫీసులో. తర్వాత మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోండి.

వీలునామా ఉంటే: రాసినవారి సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే గొడవలు తగ్గుతాయి.

వీలునామా లేకుంటే: హిందూ కుటుంబంలో తండ్రి సొంతంగా కొన్న ఇంట్లో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. ఆయన తల్లి బతికుంటే ఆమెకూ వాటా ఉంటుంది. కూతురికి పెళ్లయినా, కట్నం ఇచ్చినా ఆమె హక్కు పోదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వేరే చట్టాలున్నాయి.

బ్యాంకులో డబ్బు: నామినీ డబ్బు తీసుకుంటారు గానీ, ఆ డబ్బంతా నామినీది కాదు. వీలునామా లేకుంటే వారసులందరికీ చెందుతుంది. నామినీ లేకున్నా, తగాదా లేకుంటే, 15 లక్షల వరకు కోర్టు సర్టిఫికెట్ అక్కర్లేదు. కోఆపరేటివ్ బ్యాంకుల్లో ఇది 5 లక్షలు.

చేయూత పింఛను: ఇది వారసత్వ ఆస్తి కాదు. చనిపోయినవారి కార్డుతో పింఛను తీయకండి. అర్హత ఉంటే భార్య తన పేరున వితంతు పింఛనుకు దరఖాస్తు చేసుకోవాలి.

ఎవరు అడిగినా, చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సహాయం ఉచితం. 15100కు ఫోన్ చేయండి.