నానమ్మ పచ్చబొట్టు ఏమైంది?

నానమ్మ చనిపోయిన మూడో రోజు, దశదిన కర్మకు పెద్ద ఫొటో చేయించుకు రమ్మని నాన్న నన్ను టౌనుకు పంపించాడు. మాది దేవరకొండ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా కదా, ఫొటో ప్రింటు ఎంత పని అనుకున్నా. ఫ్యామిలీ గ్రూపులో వెతికితే ఒక్క మంచి ఫొటో దొరికింది. జడ్చర్లలో మేనత్త కూతురి పెళ్లిలో నవ్వుతూ కూర్చున్నది. దాన్నే స్టూడియోకు వాట్సాప్ చేశా.

సాయంత్రానికి 12×18 అంగుళాల ఫ్రేము చేతికొచ్చింది. ఇంట్లో గోడకు ఆనించగానే నాన్న కాసేపు చూసి, "గీమె ఎవరు రా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ముడతలన్నీ పోయి ముఖం బొమ్మలా నున్నగా ఉంది. చామనఛాయ మనిషి తెల్లగా అయిపోయింది. ఎప్పుడూ కట్టని పట్టుచీర ఒంటి మీదికొచ్చింది. నుదుటి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు మాత్రం లేదు. మచ్చ అనుకుని తుడిచేశారు!

కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే సగం తప్పు నాదే. మర్నాడు నల్లగొండ వెళ్లి, క్లాక్ టవర్ దగ్గర ఇంకో స్టూడియోలో అడిగా. అక్కడి పెద్దాయన నా ఫోన్ చూసి ఒకటే మాట అన్నాడు: "తమ్మీ, గీ ఫొటో ఎవరి ఫోన్ల తీసిండ్రో ఆ ఫోన్ల నుంచి తెప్పియ్. గ్రూపుల పడ్డది పనికిరాదు."

ఫొటో తీసింది బాబాయి కొడుకు. అదృష్టం, వాడు డిలీట్ చేయలేదు. ఈసారి వాట్సాప్‌లోనే 'డాక్యుమెంట్'గా పంపమన్నా. అలా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. మామూలుగా పంపితే కుదించేస్తుంది.

తేడా ఎంతో లెక్క చూడండి. వాడి ఫోన్‌లో ఆ ఫొటో 4000×3000 పిక్సెళ్లు. గ్రూపులో నాకొచ్చింది 1600×1200. పెళ్లి జనంలోంచి నానమ్మను మాత్రం కత్తిరిస్తే ఒరిజినల్‌లో 2700 పిక్సెళ్ల ఎత్తు మిగిలింది, గ్రూపు కాపీలో 1080. 18 అంగుళాలకు పరిస్తే ఒరిజినల్‌కు అంగుళానికి 150 పిక్సెళ్లు, రెండోదానికి 60. చేతిలో పట్టుకుని చూసే ఫొటోకు 300 ఉంటే బాగుంటుంది, గోడ మీద దూరం నుంచి చూసేదానికి 150 సరిపోతుంది. 60తో ముఖం మసకబారుతుంది. ఆ మసక కప్పడానికే మొదటి స్టూడియోవాళ్లు అంత మెరుగు దిద్దారేమో!

ఇదేం కొత్త సంగతి కాదు. మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్. ఆయనా ఇంజినీరింగ్ చదివినవాడే, రూర్కీలో. 1905లో కన్నుమూశాడు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నెగెటివ్ ఉంటే మళ్లీ ప్రింటు తీసుకోవచ్చు. మనకిప్పుడు ఫోన్‌లోని ఒరిజినల్ ఫైలే నెగెటివ్.

పెద్దాయన దగ్గర నేర్చుకున్నవి ఇంకొన్ని. ఫోన్ ఫొటో ఆకారం 4:3. ప్రింటు సైజులు 4×6, 8×12, 12×18 అన్నీ 3:2. అంటే ఎంతో కొంత కత్తిరించక తప్పదు. ఎక్కడ కత్తిరించాలో మనమే చెప్పాలి, లేదంటే తల మీద కొప్పు పోతుంది. స్క్రీన్ వెలుతురు ఎక్కువ పెట్టుకుని చూస్తే ప్రింటు నల్లగా వచ్చిందనిపిస్తుంది. అందుకే ముందు 4×6 ఒకటి తీయించి పగటి వెలుతురులో చూసుకుని, తర్వాతే పెద్దది చెప్పాలి. ఫ్రేములో అద్దం ఫొటోకు తగలకుండా చుట్టూ అట్ట మౌంటు పెట్టించాలి, చెమ్మకు అతుక్కుపోతుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు, రంగు వెలిసిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, స్టూడియోలో నోరు తెరిచి చెప్పడం: "రంగు మార్చొద్దు, ముడతలు తీయొద్దు."

రెండో ఫొటో వచ్చింది. మామూలు నేత చీర, చామనఛాయ, నుదుటి మీద పచ్చబొట్టు. నాన్న ఏమీ అనలేదు. అద్దం మీద వేలు పెట్టి ఆ బొట్టు తడిమి, దండ తెమ్మన్నాడు.

నెల తర్వాత అమ్మానాన్నల ఫొటో 8×12 తీయించి తీసుకెళ్లా. "బతికుండంగ గోడకు ఫొటో ఏందిరా!" అని నాన్న కసిరాడు. గోడకు కొట్టనియ్యలేదు. టీవీ పక్కన పెట్టా. మొన్న ఊరెళ్తే అక్కడే ఉంది, అమ్మ దాని మీద దుమ్ము తుడుస్తోంది.

మీ ఇంట్లోవాళ్ల మంచి ఫొటో ఎవరి ఫోన్‌లో ఉందో ఇవాళే కనుక్కోండి. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఆ ఫోన్ పాడవకముందే.