రాతి మీద ఎవరి పేరు?



ఈజిప్టు అనగానే మనకు పిరమిడ్లే గుర్తుకొస్తాయి. అవి రాజులవి. రాజుల దగ్గర కొలువు చేసిన పెద్ద ఉద్యోగులు కూడా సమాధులు కట్టించుకున్నారు. ఆనాటి సంసారాలు ఎలా సాగేవో తెలియాలంటే ఆ సమాధుల గోడలు చూడాలి.

సక్కారా అనే చోట ‘తి’ అనే ఉద్యోగి సమాధి ఉంది. సుమారు 4,400 ఏళ్ల నాటిది. సున్నపురాతి గోడ మీద బొమ్మ గీసుకుని, చుట్టూ ఉన్న రాతిని పలచగా చెక్కేసి, బొమ్మను కాస్త ఉబ్బెత్తుగా నిలిపి, పైన రంగులు వేశారు. మొహం పక్కకి తిరిగి ఉంటుంది, కన్ను మాత్రం నిండుగా కనిపిస్తుంది. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలు చూసినవారికి ఇదేమీ వింత కాదు.

ఇంతకీ ఏమిటా బొమ్మలు? గొడ్లకాపరులు మందను నీళ్లలోంచి దాటిస్తున్నారు. ఒకడు లేగదూడను వీపున మోస్తుంటే, అది వెనక్కి తిరిగి తల్లికేసి చూస్తోంది. మన లంకల్లో పశువుల్ని పాయ దాటించడం చూసినవారికి ఆ చూపు తెలుసు. ఇంకోచోట రొట్టెలు చేసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, పడవలు కట్టేవాళ్లు. పోయినవాడికి ఆ లోకంలో ఏ లోటూ రాకూడదని ఇదంతా.

ఆ గోడ మీద తి నిలువెత్తు మనిషి, పనివాళ్లు జానెడు. భార్య నెఫెర్‌హెతెపెస్ కొన్నిచోట్ల అతని కాళ్ల దగ్గర చిన్నగా కూర్చుని ఉంటుంది. ఆవిడ పేరైనా ఉంది. నెత్తిన గంపలతో బారులు తీరి వచ్చే ఆడవాళ్లున్నారు చూడండి, వాళ్ల పక్కనా అక్షరాలున్నాయి. వాళ్ల పేర్లే అనుకుంటాం. కావు! అవి తి గారి భూముల పేర్లు. ఒక్కొక్క కమతానికి ఒక్కొక్క ఆడమనిషిని గుర్తుగా చెక్కారు.

మరి మన దేశంలో? నాగార్జునకొండలో పోయినవారి జ్ఞాపకార్థం ఛాయాస్తంభాలు నిలిపేవారు. ఛాయ అంటే ఇక్కడ ప్రతిరూపం. సిపాయిలకూ, శిల్పకారుల పెద్దలకూ కూడా ఈ గౌరవం దక్కింది. మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు చాంతమూలుడికీ ఒకటుంది. కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో దాన్ని నిలిపారు. నిలిపినవారెవరు? ఆ రాజుగారి తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు! తమ పేర్లు కూడా ప్రాకృతంలో చెక్కించుకున్నారు. సాగర్ నీళ్లలో ఆ లోయ మునిగిపోయింది గాని, తవ్వి తీసిన స్తంభాల్లో కొన్ని కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. సాగర్ చూడ్డానికి వెళితే, లాంచీ ఎక్కి అక్కడికీ వెళ్లి రండి.

పేరు నిలిస్తే మనిషి నిలిచినట్టేనని ఈజిప్టువాళ్ల నమ్మకం. పగవాణ్ణి రూపుమాపాలంటే అతని పేరు గోకేసేవారట. మనం ఎవరి పేరూ గోకం. మండపేట అత్తయ్య, అమలాపురం పిన్ని అని ఊరి పేర్లతోనే పిలుస్తాం. ఒక తరం గడిచేసరికి ఊరు మిగులుతుంది, పేరు పోతుంది. తద్దినం నాడు పురోహితుడు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ పేర్లడిగితే మగవాళ్లు వంటింటికేసి చూస్తారు. వంటింట్లో మనకైనా తెలుసా?

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే అడగండి. పాత ఫొటోల వెనక ఆ పేర్లు రాసి పెట్టండి. ఆ పక్కన మీ పేరూ రాయండి.